బీరువా తాళం ఎవరి చేతిలో వుంది?

(గ్రంథాలయ వారోత్సవాల్లో మా పేట అంబేడ్కర్ పఠన మందిరం ముందు జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరు పెద్దగా మార్చలేదు.)

 

పొద్దుగూకే దాకా చేలల్లో వంగి పనిచేసి, పొయ్యి మీద కుండ దించి, పిల్లల్ని చంకనేసుకుని వచ్చిన తల్లులకి ముందుగా దండాలు. ఎక్కువసేపు కూర్చోబెట్టం. కానీ ఇవ్వాళ తేల్చుకోవాల్సిన సంగతి ఒకటి వుంది.

ఊరి పెద్దలు కబురు పెట్టారు. "మీకు వేరే పఠన మందిరం ఎందుకయ్యా? మీ నాలుగొందల పుస్తకాలూ తెచ్చి ఊరి గ్రంథాలయంలో కలిపెయ్యండి. అంబేడ్కర్ గారి పటం కూడా పెట్టిస్తాం. పాతవన్నీ మర్చిపోయి కలిసిమెలిసి వుందాం" అంటున్నారు. మన కుర్రాళ్లలో సగంమంది "పోదాం, మంచిదేగా" అంటున్నారు. సగంమంది "వాళ్ల గడప తొక్కేదే లేదు" అంటున్నారు. రెండు మాటల్లోనూ న్యాయం వుంది. అందుకే, ఈ ప్రశ్న మనకంటే ముందు ఎదురైన ఒక దేశం సంగతి చెబుతాం. అది కెనడా. అక్కడ ఆదివాసులకీ, వాళ్ల నేలని ఆక్రమించి కట్టుకున్న ప్రభుత్వానికీ మధ్య సయోధ్య కుదరాలని కొన్నేళ్లుగా పెద్ద ప్రయత్నం నడుస్తోంది. అందులో పబ్లిక్ గ్రంథాలయాలు ఏం చేశాయి, ఏం చెయ్యలేకపోయాయి అన్నది విందాం. ఆ తర్వాత మన జవాబు మనం ఇద్దాం.

కెనడా ఎక్కడ, మన పేట ఎక్కడ అంటారా? మన జిల్లాల నుంచి చదువుకున్న పిల్లలు ఎంతమంది టొరంటో, కాల్గరీ, ఎడ్మంటన్ పోయి బతుకుతున్నారో మీకు తెలుసు. వాళ్లు ఇల్లు కొనుక్కున్న నేల ఒకప్పుడు ఎవరిదో మనకి ఎవరూ చెప్పలేదు. ఒక మాట ముందే చెప్పాలి. వాళ్ల బాధా మన బాధా ఒకటే అని మేం అనం. వాళ్లు వేరే వేరే జాతులు. సొంత నేల, సొంత పాలన, సొంత భాషలు వుండి పోగొట్టుకున్నవాళ్లు. మనం కులం పేరుతో ఊరి చివరికి నెట్టబడ్డవాళ్లం. దారులు వేరు. కానీ తప్పు చేసినవాడు వచ్చి "ఇక కలిసిపోదాం" అన్నప్పుడు ఏం అడగాలి అనే ప్రశ్న మాత్రం ఇద్దరికీ ఒకటే.

"కలిసిపోవడం" అంటే మనకి ఇంతకాలం తెలిసిన పేరు రాజీ. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని నరికారు. అట్లాంటి పెద్ద ఘోరం జరిగిన ఊళ్లోనైనా, చెంపదెబ్బతో పోయిన చిన్న ఊళ్లోనైనా మనకి వినపడే మాట ఒకటే. "అయిందేదో అయింది, కేసు తీసేసుకోండి, ఒక ఊళ్లో బతికేవాళ్లం." అందుకే రాజీ అనే మాట వింటే మనకి ఒళ్లు మండుద్ది. నిజం చెప్పకుండా నోరు నొక్కడానికి పెట్టిన పేరు అది. సయోధ్య అది కాదు. కెనడా ఆదివాసులు పట్టుబట్టింది కూడా ఈ తేడా మీదే.

అక్కడేం జరిగింది? 1883 నుంచి ప్రభుత్వం చర్చిలతో కలిసి ఆదివాసీ పిల్లల కోసం రెసిడెన్షియల్ బడులు పెట్టుకుంటూ పోయింది. 1920లో చట్టం మార్చి, ఏడేళ్ల నుంచి పదిహేనేళ్ల పిల్లల్ని బడికి పంపక తప్పదు అన్నారు. పంపని తల్లిదండ్రులకి శిక్ష. బడిలో జుట్టు కత్తిరించేవాళ్లు. పేరు తీసేసి నెంబరు పెట్టేవాళ్లు. అమ్మ భాష మాట్లాడితే కొట్టేవాళ్లు. అట్లా లక్షా యాభై వేల మందికి పైగా పిల్లలు ఆ బడుల గుండా పోయారు. వాళ్లలో నాలుగు వేల మందికి పైగా పిల్లల చావులు లెక్కకెక్కాయి. ఎక్కనివి ఇంకెన్నో. ఆఖరి బళ్లు మూతపడింది 1990ల చివర్లో. అంటే ఇక్కడ కూర్చున్న మాలాంటి వాళ్లం పలకా బలపం పట్టిన కాలానికి కూడా ఆ బళ్లు నడుస్తున్నాయి.

మనకి చదువు వద్దన్నారు. వాళ్లకి బలవంతాన చదువు పెట్టారు. చూడ్డానికి తలకిందులు. కానీ రెండు చోట్లా పుస్తకం ఎవరిదో, భాష ఎవరిదో నిర్ణయించింది పైవాడే.

ఇప్పుడు గ్రంథాలయం దగ్గరికి వద్దాం. అదే కాలంలో ఆ దేశంలో ఇద్దరు రాసేవాళ్లున్నారు. ఒకాయన డంకన్ కాంప్‌బెల్ స్కాట్. ఆదివాసీ వ్యవహారాల శాఖని 1913 నుంచి 1932 దాకా నడిపిన పెద్ద అధికారి. 1920 నాటి ఆ బలవంతపు చట్టం వెనక వున్నది ఆయనే. ఆయనే ఆ దేశంలో పేరున్న కవి కూడా. రెండో ఆయన పీటర్ బ్రైస్ అనే డాక్టరు. 1907లో ఆ బళ్లు తిరిగి చూసి, పిల్లలు క్షయతో రాలిపోతున్నారు, గాలీ వెలుతురూ లేవు, మార్చండి అని ప్రభుత్వానికి రిపోర్టు రాశాడు. వినలేదు. ఉద్యోగం నుంచి బయటికొచ్చాక 1922లో ఇది జాతీయ నేరం అంటూ ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించాడు. ఇద్దరిలో ఎవరు అరల మీద నిలిచారు? కవి గారు సంకలనాల్లోకి, పాఠాల్లోకి ఎక్కాడు. డాక్టరు పుస్తకాన్ని దేశం దశాబ్దాల తరబడి మర్చిపోయింది. నిజం రాసినవాళ్లు లేక కాదు, రాసింది అచ్చు కాక కూడా కాదు. అరలో చోటు ఇచ్చే చెయ్యి వేరేవాళ్లది.

అంతేనా? 1885 నుంచి 1951 దాకా పసిఫిక్ తీరపు ఆదివాసుల పాట్‌లాచ్ అనే పండుగ చేసుకుంటే జైలు. 1927 నుంచి 1951 దాకా భూమి కోసం కోర్టుకి పోవడానికి చందా వసూలు చేసినా నేరమే. పాట నేరం, మాట నేరం, వకీలుకి డబ్బులివ్వడం నేరం. ఆ కాలంలోనే ఆ దేశపు పట్నాల్లో గ్రంథాలయాలు "అందరి కోసం" అని బోర్డులు పెట్టుకుని తెరుచుకున్నాయి.

ఇది మారింది ఎట్లా? ఎవరి దయ వల్లా కాదు. ఆ బళ్లలో దెబ్బలు తిన్నవాళ్లు పెద్దయ్యాక వేలమంది కోర్టుకెక్కారు. 2006లో ప్రభుత్వం, చర్చిలు దిగొచ్చి ఒప్పందం చేసుకున్నాయి. 2008 జూన్ 11న ప్రధానమంత్రి స్టీఫెన్ హార్పర్ పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. ఆ ఒప్పందం ప్రకారమే సత్యం, సయోధ్య కమిషన్ ఏర్పడింది. మర్రే సింక్లెయిర్ అనే ఆదివాసీ జడ్జి 2009 నుంచి దానికి అధ్యక్షుడు. ఊరూరా తిరిగి ఆరు వేల మందికి పైగా చెప్పింది విన్నారు. 2015లో 94 పనులు చెయ్యమని దేశానికి చెప్పారు. కమిషన్ పేరు చూడండి. సత్యం ముందు, సయోధ్య తర్వాత. మన ఊళ్లో రాజీకి ఆ మొదటి మాట లేదు.

ఆ 94 లో మ్యూజియాల పేరు వుంది, దేశపు పెద్ద దస్తావేజుల భాండాగారం పేరు వుంది. ఊళ్లో వుండే మామూలు పబ్లిక్ గ్రంథాలయాలకి విడిగా ఏ పనీ చెప్పలేదు. "మా పేరు లేదు, మాకేం పని" అని కూర్చోవచ్చు. కానీ కూర్చోలేదు. అక్కడి గ్రంథాలయ సంఘాల సమాఖ్య 2016లో ఒక కమిటీ వేసింది. 2017లో ఆ కమిటీ, మా తప్పు ఎక్కడ, మేం మార్చుకోవాల్సింది ఏమిటి అని పది సిఫారసులతో నివేదిక ఇచ్చింది. అక్కడ జరిగిన పనుల్ని మేం నాలుగు ముక్కల్లో చెబుతాం. గడప, అర, నోరు, తాళం.

మొదటిది గడప.

అక్కడ గ్రంథాలయాలు రాష్ట్రాల కింద, మునిసిపాలిటీల కింద నడుస్తాయి. ఆదివాసులు వుండే రిజర్వులు కేంద్ర ప్రభుత్వం కింద వుంటాయి. ఈ రెంటి మధ్య సందులో ఆదివాసి పడిపోయాడు. పక్క టౌన్ గ్రంథాలయానికి పోతే, "మీరు మా పన్ను పరిధిలో లేరు, బయటివాళ్ల ఫీజు కట్టండి" అనేవాళ్లు. ఆ టౌన్ కట్టుకున్న నేల ఎవరిది? వాళ్ల తాతలది. వాళ్ల నేల మీద వాళ్లే బయటివాళ్లు! అల్బర్టా రాష్ట్రంలో 2016 నుంచి ప్రభుత్వమే ఆ డబ్బు భరించి రిజర్వులో వున్నవాళ్లకీ సభ్యత్వం అందేట్టు చేసింది. ఆలస్యపు జరిమానాలు కూడా పేదవాణ్ణి గడప బయట నిలబెట్టేవే. కాల్గరీ 2019లో, ఎడ్మంటన్ 2020లో, టొరంటో 2022లో వాటిని ఎత్తేశాయి. పుస్తకం నలిగిందనో, రోజు దాటిందనో భయంతో గ్రంథాలయం మానేసిన పిల్లలు మన పేటలో ఎంతమంది వున్నారో చేతులెత్తమంటే, మేం కూడా ఎత్తాలి.

గడప అంటే ఫీజు ఒక్కటే కాదు. లోపలికి పోతే మనిషి మనిషిగా నిలబడగలగాలి. మా చిన్నప్పుడు ఊరి గ్రంథాలయానికి పోతే రమ్మనీ అనేవాళ్లు కాదు, పొమ్మనీ అనేవాళ్లు కాదు. "ఎవరబ్బాయివిరా?" అని మాత్రం అడిగేవాళ్లు. పేట పేరు చెప్పగానే మన చేతిలో పుస్తకం మళ్లీ బల్ల మీదికి పోయేది. పేపరు మన దాకా వచ్చేసరికి దీపాలు పెట్టే వేళ. ఆ ప్రశ్నలో బూతు లేదు, తిట్టు లేదు. అయినా మళ్లీ పోబుద్ధి కాదు.

ఎడ్మంటన్‌లో పెద్ద గ్రంథాలయాన్ని బాగుచేసి 2020లో తిరిగి తెరిచారు. అందులో ఆదివాసుల కోసం ఒక పెద్ద గది కట్టి, క్రీ భాషలోనే పేరు పెట్టారు. పిడుగుపక్షి ఇల్లు అని అర్థం. ఆ జనం పూజలో సువాసన ఆకులు కాల్చి పొగ వేస్తారు. ఆ గదిలో ఆ పొగ వేసుకోవచ్చు. నిశ్శబ్దంగా వుండాలి అనే ఇంట్లో డప్పు మోగొచ్చు. మన ఊరి గ్రంథాలయంలో మన డప్పుకి చోటుందా? వార్షికోత్సవానికి బయట కొట్టించుకోవడం కాదు, లోపల.

రెండోది అర.

పుస్తకాల్ని ఏ అరలో పెట్టాలో చెప్పే పద్ధతి ఒకటి వుంటుంది. ప్రపంచంలో చాలా గ్రంథాలయాలు వాడే డ్యూయీ పద్ధతిలో అమెరికా, కెనడా ఆదివాసుల పుస్తకాలు ఎక్కువగా పోయేది 970 నెంబరు దగ్గరికి. అంటే చరిత్ర అరలోకి. ఆదివాసి రాసిన వైద్యం, న్యాయం, ఇంటి నిర్మాణం — ఏదైనా సరే, అది అయిపోయిన చరిత్ర కిందికే తోసేసేవాళ్లు. బతికున్న మనుషుల్ని పాత వస్తువుల గదిలో పెట్టడమే ఇది. పైగా శీర్షిక "ఇండియన్లు". దారి తప్పిన కొలంబస్ పెట్టిన పేరు.

దీన్ని ఎదిరించింది బ్రయన్ డీర్ అనే మొహాక్ జాతి లైబ్రేరియన్. 1970ల్లో తన జనం సంఘం గ్రంథాలయంలో పనిచేస్తూ కొత్త వర్గీకరణ తయారుచేశాడు. అందులో జాతులు అక్షరమాల వరసలో కాకుండా, ఏ జాతి పక్కన ఏ జాతి బతుకుతోందో ఆ వరసలో వస్తాయి. నేలని బట్టి, చుట్టరికాన్ని బట్టి పుస్తకాలు కూర్చుంటాయి. వాంకూవర్‌లో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలోని ఆదివాసీ గ్రంథాలయం ఆ పద్ధతిని తమకి తగ్గట్టు మార్చి నడుపుతోంది. ఆ గ్రంథాలయం పేరుకి స్క్వామిష్ భాషలో ప్రతిధ్వని అని అర్థం. డీర్ 2019లో చనిపోయాడు. ఆయన పెట్టిన దారిని ఇవ్వాళ మరికొన్ని గ్రంథాలయాలు పట్టుకుంటున్నాయి.

పేరు సంగతి మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమం తొలి మహాసభ పెట్టుకుంది. అయ్యంకి వెంకటరమణయ్య గారు నడిపించారు. గొప్ప ఉద్యమమే, కాదనం. మూడేళ్లకి, 1917లో, అదే బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన మనవాళ్ల మహాసభ జరిగింది. పంచముల సభ అని పిలిస్తే, పంచములం కాదు, ఆది ఆంధ్రులం అన్నారు. ఈ నేలకి మొదటివాళ్లం అని. 1922లో మద్రాసు ప్రభుత్వం కూడా ఆ పేరు ఒప్పుకుంది. ఒకే ఊళ్లో ఒక సభ పుస్తకం కావాలంది, ఒక సభ పేరు కావాలంది. ఆ రెండు సభలూ ఒకటి కావడానికి ఇంకెన్నాళ్లు? ఇప్పటికీ మన ఊరి గ్రంథాలయంలో అడుగు అరకి "హరిజనాభ్యుదయం" అని చీటీ అంటించి వుంది. జాషువా అందులోనే వున్నాడు. కవుల అర పైన వుంది, అందులో ఆయన లేడు.

మూడోది నోరు.

ఆదివాసుల జ్ఞానం అంతా అచ్చులో లేదు, పెద్దల నోట్లో వుంది. వాంకూవర్ పబ్లిక్ గ్రంథాలయం 2008 నుంచి ఆదివాసీ కథకుల్ని పిలిచి, జీతమిచ్చి, గ్రంథాలయంలో కూర్చోబెట్టి కథలు చెప్పిస్తోంది. కాల్గరీ గ్రంథాలయంలో ఆదివాసీ పెద్దలు కూర్చునే చోటు ఒకటి పెట్టారు. పుస్తకం అడిగినట్టే పెద్దాయన్ని పోయి అడగొచ్చు. చూశారా, అక్షరం రాని ముసలమ్మ కూడా గ్రంథాలయమే అని ఒప్పుకున్నారు.

కానీ ఇందులో ఒక మెలిక వుంది. చెప్పిన మాట ఎవరి సొత్తు? కెనడా ఆదివాసులు 1998లోనే నాలుగు సూత్రాలు పెట్టుకున్నారు. మా సమాచారం మీద యాజమాన్యం మాది, అదుపు మాది, చూసే హక్కు మాది, దాచుకునే చోటు మాది. బళ్లలో జరిగిన అత్యాచారాల మీద నష్టపరిహారం కోసం 38 వేల మంది రహస్యంగా వాంగ్మూలాలు ఇచ్చారు. వాటిని దేశ చరిత్ర కోసం దాచాలని ప్రభుత్వం అంది. ఆ దేశపు సుప్రీం కోర్టు 2017లో ఏం చెప్పింది? పదిహేనేళ్లు వుంచండి, ఈలోగా చెప్పినవాళ్లు దాచమంటే దాచండి, అడగని వాటిని నాశనం చెయ్యండి అంది. చరిత్ర పోతుందని కొందరు బాధపడ్డారు. ఆ బాధా న్యాయమే. కానీ ఒళ్లు గాయపడ్డ మనిషిదే ఆ మాట. ఆమె దాచమంటే దాచాలి, కాల్చమంటే కాల్చాలి.

మన చేల మీద, మన ఆడవాళ్ల మీద జరిగినవి ఎంతమంది వచ్చి రాసుకుపోయారు! డాక్టరేట్లు వచ్చాయి, సినిమాలు వచ్చాయి. రాసుకున్న కాయితం ఒక్కటన్నా తిరిగి ఈ పేటకి వచ్చిందా? ఇక ముందు రాసుకోడానికి ఎవరొచ్చినా, ఒక ప్రతి ఈ పఠన మందిరంలో పెట్టి పోవాలి. అది మా మొదటి షరతు.

నాలుగోది, అసలుది. తాళం.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ బాగానే వున్నాయి. కానీ మురిసిపోవద్దు. అక్కడి ఆదివాసులే అడుగుతున్నారు. ప్రతి సభకి ముందు "మేం ఫలానా జాతి నేల మీద నిలబడ్డాం" అని చదువుతారు సరే, ఆ నేల తిరిగి ఎప్పుడిస్తారు? గ్రంథాలయంలో మా బొమ్మ పెట్టారు సరే, గ్రంథాలయ బోర్డులో మావాళ్లెంతమంది? కొన్ని రిజర్వుల్లో ఇప్పటికీ నీళ్లు కాచుకుని తాగమనే హెచ్చరిక తొలగలేదు. నీళ్లు రాని చోట పుస్తకం ఒక్కటే సయోధ్య తెస్తుందా?

విన్నిపెగ్ సంగతి చూడండి. ఆదివాసులు ఎక్కువగా బతికే పెద్ద నగరాల్లో అది ఒకటి. 2019లో అక్కడి పెద్ద గ్రంథాలయం గుమ్మం దగ్గర సంచులు వెతకడం, ఒళ్లు తడమడానికి మెషీన్లు పెట్టడం మొదలుపెట్టారు. పేదలూ, ఆదివాసులూ రావడం మానేస్తారని జనం ఉద్యమం చేస్తే 2020లో తీసేశారు. 2022 డిసెంబరులో ఆ గ్రంథాలయంలోనే ఒక హత్య జరిగింది. మళ్లీ మెషీన్లు వచ్చాయి. లోపల పనిచేసే ఉద్యోగుల భయమూ నిజమే. ఇక్కడ మనం నేర్చుకునేది ఏమిటి? బయట ఇల్లు లేక, పని లేక, వైద్యం లేక మనుషులు అల్లాడుతుంటే, ఆ గొడవంతా వచ్చి గ్రంథాలయం గుమ్మంలోనే పడుతుంది. గ్రంథాలయం ఒక్కటే సమాజాన్ని బాగుచెయ్యలేదు. కానీ నిజాన్ని దాచిపెట్టే చోటుగా వుండకుండా మాత్రం తప్పకుండా వుండగలదు.

అందుకే పటం పెట్టారా, పాట పాడించారా అన్నది కాదు మేం చూసేది. పుస్తకం కొనేది ఎవరు? చీటీ రాసేది ఎవరు? డబ్బు లెక్క చూసేది ఎవరు? రాత్రి బీరువాకి తాళం వేసి మొలలో దోపుకునేది ఎవరు?

మన దగ్గర ఆ డబ్బు ఎవరిది? 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. మనం కట్టే ఇంటిపన్నులోనూ ఆ 8 పైసలున్నాయి. మేడవాడిదీ, పాకవాడిదీ అందులో కలిసే పోతుంది. ఆ గ్రంథాలయం ఎవరో పెట్టిన ధర్మసత్రం కాదు. మనం అడుక్కునేది లేదు, వాళ్లు దయచేసేది లేదు.

ఇంతసేపు వాళ్లని అడిగాం. ఇప్పుడు మనల్ని మనం అడుగుదాం. మన పేట అవతల కాలవ గట్టున యానాదుల సంఘం వుంది. ఈ మందిరం పెట్టి ఇన్నేళ్లయింది, ఒక్క యానాది పిల్లాడికి సభ్యత్వం ఇచ్చామా? "ఎవరబ్బాయివిరా" అని మనం మాత్రం అడగలేదా? బాపట్ల, చీరాల మధ్య స్టువర్టుపురం వుంది. నేరస్థ జాతుల చట్టం కింద 1910ల్లో ఎరుకల వాళ్లని తెచ్చి అక్కడ సెటిల్‌మెంటులో పెట్టారు. కదలాలంటే పాసు, పొద్దునా సాయంత్రం హాజరు. ఆ దశాబ్దంలోనే, 1918లో, అదే రైలు దారిలో వేటపాలెంలో సారస్వత నికేతనం అనే గొప్ప గ్రంథాలయం పుట్టింది. ఆ గ్రంథాలయాన్ని తప్పుపట్టడం లేదు. ఒకే కాలం, ఒకే తీరం. ఒక చోట పుస్తకాల ఇల్లు, ఒక చోట మనుషుల్ని కట్టేసిన ఇల్లు — ఇది మాత్రం చూడమంటున్నాం. చట్టం 1952లో పోయింది. స్టువర్టుపురం అంటే ఇప్పటికీ దొంగలనే సినిమాలు తీస్తారు, మనం టికెట్ కొని చూస్తాం. ఎరుకల మనిషి తన మాటగా చెప్పుకున్న పుస్తకం మన మందిరంలో ఒక్కటి లేదు. ఆదిలాబాదు జిల్లా గుంజాలలో గోండుల లిపిలో రాసిన పాత రాతప్రతులు బయటపడ్డాయి. 2018లో ఆ లిపి కంప్యూటర్ అక్షరాల ప్రపంచ పట్టికలోకి కూడా ఎక్కింది. లిపి లేని జాతి అని బళ్లో పిల్లలకి చెప్పిన పంతుళ్లలో మేమూ వున్నాం. ఆ తప్పు ఈ సభలో ఒప్పుకుంటున్నాం. నిజం చెప్పమని పెద్దల్ని అడిగే ముందు, మనం చెప్పాల్సిన నిజం మనం చెప్పాలి.

కనుక ఊరి పెద్దలకి మన జవాబు ఇట్లా వుండాలని మా మనవి.

వస్తాం. ఊరి గ్రంథాలయం మాది కూడా, కనుక వస్తాం. కానీ మా పఠన మందిరం ముయ్యం, దీని తాళం మా దగ్గరే వుంటుంది. పుస్తకాలు కలిపెయ్యం, ఇచ్చిపుచ్చుకుంటాం. గ్రంథాలయం చూసుకునే కమిటీలో సగం చోట్లు పేటలకి, యానాదుల సంఘానికి కావాలి. అందులో ఆడవాళ్లుండాలి. సెస్సు ఎంత వసూలైంది, ఎంత ఖర్చైంది అన్నది ఏడాదికోసారి గ్రామసభలో చదవాలి. "హరిజనాభ్యుదయం" చీటీ తీసెయ్యాలి, జాషువా కవుల అరలోకి పోవాలి. కూలికి పోయినవాళ్లు వచ్చేది రాత్రికే కనుక, రాత్రి తొమ్మిదింటి దాకా తలుపు తెరిచి వుండాలి. నెలకొకసారి మన పెద్దల్ని పిలిచి లోపల కూర్చోబెట్టి చెప్పించాలి. వాళ్లకి కూలి ఇవ్వాలి.

ఆఖరిది, అన్నిటికంటే ముఖ్యమైనది. ఆ అరుగు మీద ఎవరెవర్ని నిలబెట్టారో, ఎవరి చేతిలో పుస్తకం లాక్కున్నారో ఒక నోటు పుస్తకంలో రాస్తాం. ఎవరి మాట రాయాలో, ఏ మాట వద్దో చెప్పినవాళ్లే తేలుస్తారు. అది ఆ గ్రంథాలయం హాల్లో, ఊరు ఊరంతా కూర్చుని వుండగా చదవాలి. ఎవర్నీ కొట్టమనం, ఎవర్నీ వెలివెయ్యమనం. వినాలి, అంతే. విన్న తర్వాత ఆ పుస్తకానికి నెంబరు వేసి అరలో పెట్టాలి. పటం ఎప్పుడు పెట్టాలో ఆ తర్వాత మాట్లాడుకుందాం.

ఇవి ఒప్పుకుంటే అది సయోధ్య. ఒప్పుకోకపోతే అది పాత రాజీయే, కొత్త సున్నం వేసుకుని వచ్చింది.

మేం చదివిన మొదటి కథల పుస్తకం ఊరి గ్రంథాలయంలోది కాదు. చిత్తు కాయితాల కొట్టులో మా అమ్మలు తూకానికి కొని తెచ్చిన అట్టలేని పుస్తకం. అమ్మలకి అందులో ఒక్క అక్షరం చదవడం రాదు. ఆ అమ్మల బిడ్డలం ఇవ్వాళ బళ్లో పాఠాలు చెబుతున్నాం. మన బిడ్డల బిడ్డలు ఆ గ్రంథాలయం బీరువా తెరవడానికి ఎవర్నీ తాళం అడగక్కర్లేని రోజు రావాలి. దానికి రేపు పొద్దున మన జవాబు పట్టుకుని పోవాలి. కుర్రాళ్లొక్కళ్లే కాదు, ఆడవాళ్లు కూడా ముందు నడవాలి. యానాదుల సంఘం వాళ్లని ఈ రాత్రే పోయి పిలుద్దాం.

జై భీమ్!